తిమ్మప్ప ట్యాంకులో పోసింది నేనే

నా కూతురు ఒకటో తరగతిలో ఉన్నప్పటి మాట ఇది. ఇప్పుడది ఏడో తరగతి. ఇన్నేళ్ళూ ఒక మాటను నోట్లోనే పెట్టుకుని తిరిగాను. వంట చేస్తూ, షెడ్డులో బిల్లులు రాస్తూ, పెళ్ళిళ్ళకు పోయి అందరితో కలిసి నవ్వుతూ. ఎవరైనా "తిమ్మప్పా" అని పిలిస్తే చాలు, చేతిలో పని ఆగిపోయేది. మా వైపు ఆ పేరు చాలామందికి ఉంటుంది. రేషన్ షాపులో పిలిచినా, బస్సులో ఎవరో ఫోనులో పిలిచినా నా వీపు చల్లబడేది.

మీరెవరో నాకు తెలీదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు మొత్తం చెప్పగలను. చెప్పాల్సినవాళ్ళకు చెప్పినప్పుడు ఒక ముక్క దాచుకున్నాను. చేసిన పని చెప్పాను గానీ, చేస్తున్నప్పుడు ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పలేదు. నా బతుకులో అంత ఉత్సాహంగా గడిచిన రోజులు మళ్ళీ రాలేదు. ఇది రాస్తుంటే కూడా గుండె వేగంగా కొట్టుకుంటోంది. సిగ్గుతోనా? సగం సిగ్గే. మిగతా సగం ఏమిటో మీరే చూడండి.

మాది తమిళనాడులో, కృష్ణగిరి జిల్లా కల్లావి. మా నాన్నకు గొర్రెలు, కాస్త చేను. ఊత్తంగరై బస్సెక్కి హైస్కూలు చదివి, కృష్ణగిరిలో కెమిస్ట్రీ డిగ్రీ చేశాను. పెళ్ళయి శూలగిరి వచ్చాను. మా ఆయనకు హైవే పక్కన లారీల షెడ్డు ఉంది. ఆయిల్ మార్చడం, గ్రీజు కొట్టడం, చిన్నాచితకా రిపేర్లు. కొన్నాళ్ళు హోసూరులో ఒక ఫ్యాక్టరీ ల్యాబుకు పోయాను. పాప పుట్టాక మానేశాను. ఆ తర్వాత షెడ్డులో కుర్చీ వేసుకుని బిల్లులు రాయడమే నా పని.

షెడ్డు వెనక గోడవార డ్రమ్ములు ఉండేవి. లారీల నుంచి దించిన నల్లటి వేస్టాయిల్ వాటిలో పోసేవాళ్ళం. నిండాక ఒకాయన వచ్చి తీసుకుపోయేవాడు. ఒకరోజు ఊరికే, పాత ఊరగాయ సీసాలో కొంచెం ఆ నూనె పట్టి, మూత బిగించి, ఎండ తగిలే కిటికీలో పెట్టాను. కొన్నాళ్ళకు చూస్తే అడుగున నీళ్ళు, వాటి మీద తారులాంటి మడ్డి, పైన కాస్త పలచబడ్డ నూనె. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అంచుల్లో ఎర్రటి రంగు.

ఆ ఎరుపు చూసి అక్కడే కూర్చుండిపోయాను. ఇంజన్లో నూనె పాడైపోతుంది అంటారు. పాడయ్యేది నూనేనా? అందులో మసి చేరుతుంది, నీళ్ళు చేరతాయి, ఇనుప రజను చేరుతుంది. వాటిని తీసేస్తే మిగిలేది మళ్ళీ నూనే కదా? డీజిల్ కంటే చిక్కగా ఉంటుంది, అంతే. పలచన చేస్తే మండదా? మండితే లారీ నడవదా? ఆ పూట అన్నం తినడం మరిచిపోయాను.

మా ఆయన విని నవ్వాడు. కానీ వద్దనలేదు. నాకోసం ఒక డ్రమ్ము కడిగిచ్చాడు. ఆయన పాత జీన్స్ ప్యాంటు కాళ్ళు కత్తిరించి, అడుగు కుట్టి, సంచుల్లా వేలాడదీశాను. నూనె చల్లగా ఉంటే బొట్టు దిగేది కాదు. డ్రమ్ముకు నల్ల రంగు పూసి రేకుల కప్పు మీదికి ఎక్కించాం. మధ్యాహ్నానికి నూనె చెయ్యి పెట్టలేనంత వేడెక్కి ధారగా దిగింది. ఆ తర్వాత లారీ డీజిల్ ఫిల్టర్లు తగిలించాం, ముందు ముతకది, వెనక సన్నది. అయినా నలుపు పోలేదు. మసి ఎంత సన్నదంటే ఏ గుడ్డకూ చిక్కదు.

అప్పుడే మా ఆయన ఒక తుక్కు ఇంజన్ విప్పుతుంటే అందులో చిన్న గిన్నెలాంటిది కనిపించింది. పాత లారీ ఇంజన్లలో ఉంటుంది అది. నూనెను గిర్రున తిప్పి, బరువైన మురికిని గోడకు అంటించేస్తుంది. దాన్ని నేను అడిగి తీసుకున్నాను. పంపు తగిలించాం. వేడి నూనె లోపలికి పోగానే గిన్నె తిరగడం మొదలుపెట్టి సన్నగా ఈల వేసింది. సాయంత్రం విప్పి చూస్తే గోడల నిండా బూట్ పాలిష్ లాంటి నల్లటి ముద్ద. ఏ గుడ్డకూ చిక్కనిది అక్కడ చిక్కింది. నేను వేలితో తీసి మా ఆయన బుగ్గకు రాశాను. ఆయన నా ముక్కుకు రాశాడు. మా ఇద్దరి ముఖాలూ చూసి పాప ఏడ్చింది.

నూనె ఇప్పుడు చిక్కటి డికాక్షన్ రంగులో ఉంది. ఎక్కువ పాలు డీజిల్, కొంచెం మా నూనె కలిపి, మా సొంత బ్రేక్‌డౌన్ బండిలో పోశాం. రోడ్డు మీద ఆగిపోయిన లారీలను లాక్కొచ్చే క్రేను బండి అది. చాలా పాతది, ఏది పోసినా తాగేస్తుందని మా ఆయన అనేవాడు. తాళం తిప్పాడు. రెండుసార్లు దగ్గి అందుకుంది. నేను పొగగొట్టం దగ్గరికి పరుగెత్తాను. నల్లగా ఒక ముద్ద ఊది, తర్వాత మామూలు పొగ. అది మామూలుగా ఉండటమే నాకు వింత.

ఆ మర్నాడే కృష్ణగిరి దాకా దిగి, తిరిగి మేలుమలై ఎత్తు ఎక్కాం. నేను క్యాబిన్లో పక్క సీట్లో కూర్చుని, కిటికీలోంచి తల బయటికి పెట్టి వెనక పొగనే చూస్తున్నాను. మా ఆయన గేరు మార్చినప్పుడల్లా నా ప్రాణం పోతోంది. ఎత్తు మధ్యలో టమోటా లారీ ఒకటి ఈడుస్తూ పోతుంటే దాన్ని దాటేశాం. "లాగతా ఉండాది చూడు," అన్నాడాయన, ఏదో గుడిలో మాట్లాడినంత మెల్లగా. నా కళ్ళు నిండిపోయాయి. పారబోసే మురికి మీద కూర్చుని కొండ ఎక్కుతున్నాం. అది చేసింది నేను. బిల్లులు రాసే నేను.

తర్వాత ఆ బండిలోనే మత్తూరు, ఊత్తంగరై మీదుగా కల్లావికి పోయాం. అల్లుడు క్రేను బండిలో వచ్చినాడని ఊరంతా నవ్వింది. మా నాన్న మాత్రం పొగగొట్టం దగ్గర వాసన చూసి, "ఇది డీజల్ వాసన కాదే," అన్నాడు. నేను గర్వంతో ఉబ్బిపోయాను. ఆ పొగ మంచిది కాదని, అలా కాల్చడానికి అనుమతి లేదని చదువుకున్న నాకు తెలుసు. కొంచెమే కదా అనుకున్నాను. మా ఆయన ఒక్కటే మాట అన్నాడు. మన బండిలో ఏం పోసుకున్నా మన ఇష్టం, ఇతరుల బండి జోలికి పోవద్దు అని. సరే అన్నాను. అప్పుడు నిజంగానే సరే అన్నాను.

ఇప్పుడు తిమ్మప్ప గురించి చెప్పాలి.

తిమ్మప్ప మా ఊరి పక్కవాడు. గొర్రెల మంద అమ్మి లారీ నేర్చుకున్నవాడు. కృష్ణగిరిలో ఒక ఓనరు దగ్గర కొత్త లారీ నడిపేవాడు. కంప్యూటర్ ఉన్న ఇంజన్ దానిది. బెంగుళూరు పోయేటప్పుడల్లా మా షెడ్డులో ఆగి గాలి చూపించుకుని, గ్రీజు కొట్టించుకునేవాడు. తాళాల గుత్తి మేకుకు తగిలించి, ఎదురు హోటల్లో అన్నం తినడానికి పోయేవాడు. ఆ గుత్తిలోనే డీజిల్ ట్యాంకు తాళం కూడా ఉండేది. మా ఊరి ఆడబిడ్డ షెడ్డు కదా అని అతని నమ్మకం.

కొత్త ఇంజన్లకు ఈ నూనె పనికిరాదని మా ఆయన చెబుతూనే ఉండేవాడు. వాటిలో డీజిల్ చిమ్మే నాజిళ్ళ రంధ్రాలు వెంట్రుక కంటే సన్నం అంటాడు. ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. నా నూనె అప్పటికి ఇంకా తేటపడింది. పాత బండి ఏదైనా తాగుతుంది, అందులో నా గొప్పేముంది? కొత్త బండి తాగితే కదా నేను గెలిచినట్టు. ఎవరి మీద గెలవడం? మా ఆయన మీదా? మానేసిన ఉద్యోగం మీదా?

ఆయన సామాన్లకు హోసూరు పోయిన ఒక మధ్యాహ్నం, తిమ్మప్ప గుత్తి మేకుకు వేలాడుతోంది. నేను క్యాను పట్టుకుపోయి ట్యాంకు మూత తీసి పోశాను. గరాటు కూడా మరిచిపోలేదు. తిమ్మప్ప పళ్ళు కుట్టుకుంటూ వచ్చి, "వస్తానమ్మా," అని బండెక్కాడు. లారీ హైవే ఎక్కి హోసూరు వైపు పోతుంటే రోడ్డు దాకా వెళ్ళి చూశాను. పొగ లేదు. కొంచెం కూడా లేదు. షెడ్డు వెనక్కి పోయి, డ్రమ్ముల మధ్య, చిన్నపిల్లలా ఎగిరాను.

అడిగి ఉండొచ్చు కదా అంటారు మీరు. అడిగితే ఒప్పుకోడని తెలుసు. అందుకే అడగలేదు. ఇంతకంటే సాకు నా దగ్గర లేదు.

తర్వాత అతను వచ్చినప్పుడల్లా, మా ఆయన లేనప్పుడల్లా పోశాను. ప్రతిసారీ అదే సంబరం. తిమ్మప్పకూ సంబరమే. బండి మైలేజీ పెరిగిందట. పెరగదా మరి, నేను ఊరికే పోస్తుంటే. అందరి కంటే మంచి మైలేజీ ఇచ్చాడని ఓనరు అతనికి ఒక మిక్సీ బహుమానం ఇచ్చాడు. అది చెప్పడానికే షెడ్డు దగ్గర బండి ఆపాడు. "మా మునెమ్మ ఇంగ రుబ్బురోలు కాడ కూర్చునే పని లేదమ్మా," అన్నాడు. నేను నవ్వాను. ఆ మిక్సీ నేనే ఇచ్చినట్టు మనసులో పొంగిపోయాను.

మామిడికాయల కాలంలో అతని బండి లోడుతో దారిలో ఆగిపోయింది. ముందు బలం తగ్గిందట, తర్వాత ఎర్ర దీపం వెలిగిందట, తర్వాత కదల్లేదట. కాయలు వేరే లారీకి ఎక్కించేసరికి సగం మెత్తబడ్డాయి. సర్వీసు సెంటర్లో విప్పి చూస్తే నాజిళ్ళు మూసుకుపోయి, ఫిల్టరు నల్లగా ఉంది. డీజిల్లో వేరే నూనె కలిసింది అన్నారు. ఓనరుకు వెంటనే మైలేజీ గుర్తొచ్చింది. బహుమానం కోసం యాడనో చెత్త నూనె తెచ్చి పోసినాడు అన్నాడు. తిమ్మప్ప ఎంత మొత్తుకున్నా వినలేదు. ట్యాంకు తాళం అతని దగ్గరే కదా ఉండేది. పని పోయింది. ఓనరు మనిషిని పంపి మిక్సీ కూడా వెనక్కి తీసుకున్నాడు.

నేనిదంతా షెడ్డుకు వచ్చే డ్రైవర్ల నోట విన్నాను. వింటూ బిల్లు రాస్తూనే ఉన్నాను.

కొన్నాళ్ళకు తిమ్మప్ప వచ్చాడు. లారీలో కాదు, బస్సు దిగి నడిచి. చేతిలో గుడ్డ చుట్టిన సీసా. మా ఆయన ఎవరిదో చక్రం విప్పుతూ దూరంగా ఉన్నాడు. తిమ్మప్ప బెంచీ మీద కూర్చోలేదు. నిలబడే మాట్లాడాడు.

"అమ్మా, బండి ట్యాంకులోంచి దించిన డీజల్ ఇది. మెకానిక్ కాళ్ళు పట్టుకుని కొంచెం తెచ్చుకున్నాను. నువ్వు సదువుకున్న దానివి. ల్యాబులో చేసినదానివి. ఇందులో ఏం కలిసిందో చూసి చెప్పు. బంకులోనే కలిపినారేమో. నువ్వు చెప్తే ఓనరు వింటాడు."

సీసా తీసుకున్నాను. వెలుతురుకు పట్టుకున్నాను. చూడగానే తెలిసింది. నా నూనెను నేను గుర్తుపట్టలేనా?

"ఏమన్నా తెలిసిందా అమ్మా?"

"ఇప్పుడే ఎట్ల చెప్పేది తిమ్మప్పన్నా. పరీక్ష చేయల్ల. ఉంచిపో, చూస్తాను."

"ఇదొక్కటే ఉండాది నా కాడ. బద్రం."

"సరే."

"నేను పోయలేదమ్మా. నా బిడ్డల మీద ఆన. నువ్వన్నా నమ్ముతావు కదా?"

"నమ్ముతానన్నా," అన్నాను. ఆ రోజు నేను చెప్పిన నిజం అదొక్కటే. అతను పోయలేదని నాకంటే బాగా ఎవరికి తెలుసు?

అతను రెండు చేతులూ జోడించి వెళ్ళిపోయాడు. ఇప్పుడు చెప్పబోయేది నేను ఎవరికీ చెప్పలేదు.

అతను రోడ్డు దాటకముందే నేను మళ్ళీ సీసా చూశాను. భయంతో కాదు. అడుగున ఏదో కనిపించింది. సన్నని నల్లటి పొర. నేను పోసిన నూనెలో మడ్డి లేదు, గిన్నెలో తిప్పి తిప్పి తీశాను. మరి ఇదెక్కడిది? సీసా వంచాను, మళ్ళీ నిలబెట్టాను. అప్పుడు అర్థమైంది. నూనె విడిగా ఉన్నప్పుడు మసి అందులో కలిసిపోయి, కనపడకుండా తేలుతూ ఉంటుంది. డీజిల్‌తో కలవగానే నిలవలేక కిందికి దిగిపోతుంది. నేను వడకట్టి కలుపుతున్నాను. ముందు కలిపి, మసి దిగేదాకా కదపకుండా ఉంచి, ఆ తర్వాత వడకట్టాలి. ఇన్నాళ్ళూ తలకిందులుగా చేస్తున్నాను. నా ఒళ్ళంతా వేడెక్కింది. దొరికింది, దొరికింది అనుకుంటూ లోపలికి పరుగెత్తాను. ఒక మనిషి తన మానం కాపాడమని నా చేతిలో పెట్టి పోయిన సీసా అది. నేను అందులోంచి నా పాఠం నేర్చుకున్నాను. దాన్ని చుక్క మిగలకుండా కాగితం మీద పోసి, ఫిల్టర్లో పోసి, మండించి వాడేశాను. మండించాక పళ్ళెంలో బూడిద మిగిలింది. ఇంజన్ ఆయిల్ తయారుచేసేటప్పుడే అందులో కరిగించే మందులు ఎంత వడకట్టినా రావని, అవే నాజిళ్ళను పూడ్చేశాయని కూడా అప్పుడే తెలిసింది. అంటే మా ఆయన చెప్పింది నిజం. నా నూనె కొత్త ఇంజన్‌కు ఎప్పటికీ పనికిరాదు.

అంతా తెలిసింది. ఒక్క పేజీలో రాసి ఓనరుకు ఇవ్వగలిగినంత స్పష్టంగా తెలిసింది. తిమ్మప్ప మళ్ళీ వచ్చి అడిగితే మాత్రం, "ఏమీ తెలియలేదన్నా, సీసా కింద పడి పగిలింది," అన్నాను. "పోనీలేమ్మా, చూసినావు కదా, అదే చాలు," అని వెళ్ళిపోయాడు.

చాలా నెలలు నేను మా క్రేను బండికి కొత్త పద్ధతిలో నూనె చేస్తూనే ఉన్నాను. అది ఇంకా బాగా నడిచింది. సంతోషం కూడా ఉండేది. ఇదే నాకు నా మీద భయం పుట్టించే సంగతి. ఒక మనిషి బతుకు చెడగొట్టాక కూడా ఈల వేసే గిన్నె పక్కన కూర్చుని ఎట్లా ఉప్పొంగగలిగాను?

ఒకరోజు షెడ్డు బాకీ వసూలుకు హోసూరులో ఒక ఫ్యాక్టరీకి వెళ్ళాను. గేటు దగ్గర సెక్యూరిటీ చొక్కా వేసుకుని కడ్డీ ఎత్తుతున్నది తిమ్మప్పే. ఏ ఓనరూ అతనికి లారీ ఇవ్వలేదట. లోపలికి పోయే లారీల నంబర్లు చూసి పంపడం అతని పని. నన్ను చూసి, "బాగుండావామ్మా? పాప ఎట్లుండాది?" అన్నాడు. ఇంటికొచ్చి గిన్నె విప్పేశాను. మా ఆయన ఎందుకని అడిగితే విసుగొచ్చింది అన్నాను.

అయినా నోరు తెరవలేదు. నూనె మానేస్తే సరిపోతుందని అనుకున్నాను కాబోలు.

ఈ మధ్య మా షెడ్డులో కొత్త మెకానిక్ చేరాడు. ధర్మవరం వైపు నుంచి వచ్చినవాడు. ఒక లారీ ఫిల్టరు విప్పి, ముక్కు చిట్లించి, "ఇది తిమ్మప్ప డీజిల్ అక్కా," అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఏమిటది అన్నాను. కల్తీ డీజిల్‌ని ఇక్కడ అలాగే అంటారు కదా అన్నాడు. తిమ్మప్ప ఎవరో అతనికి తెలీదు. అదొక మనిషి పేరని కూడా తెలీదు. అక్కడున్న డ్రైవర్లు నవ్వారు. అలవాటుగా నేనూ నవ్వాను. నా నవ్వు నాకే వినిపించింది.

ఆ సాయంత్రం మా ఆయనకు చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఓనరుకు ఫోన్ చేశాను. "ఆ బండి అమ్మేసి శానా దినాలాయ. ఇప్పుడెందుకమ్మా అదంతా," అని వేరే ఫోను వస్తోందని పెట్టేశాడు. అంత తేలిక అతనికి.

ఆదివారం హోసూరులో తిమ్మప్ప ఉండే అద్దె ఇళ్ళ వరుసకు పోయాను. మా ఆయన వస్తానన్నాడు, వద్దన్నాను. తిమ్మప్ప గుమ్మంలో కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. కుర్చీ వేశాడు. కూర్చోకుండానే చెప్పాను. మాట మధ్యలో ఆగిపోతూ, వెనక్కి పోతూ, మళ్ళీ మొదలుపెడుతూ చెప్పాను. నేనే పోశానని, చాలాసార్లు పోశానని, సీసా పగల్లేదని. అతను సగం గీసిన గడ్డంతో అలాగే విన్నాడు. తిట్టలేదు. ఎందుకు పోశావని కూడా అడగలేదు. అడిగి ఉంటే ఆ సంతోషం సంగతి చెప్పేదాన్నేమో. నురుగు ఆరిపోతోంది. మెల్లగా లేచి, కుళాయి దగ్గర బట్టలు ఉతుకుతున్న భార్యను పిలిచాడు.

మునెమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. గులాబీ తోటల్లో పని చేస్తుందట, వేళ్ళ నిండా ముళ్ళ గీతలు. నన్ను చూసి పలకరింపుగా నవ్వబోయింది. తిమ్మప్ప ఆమె వైపు చూడలేదు. నా వైపే చూస్తూ అన్నాడు.

"ఇన్నేళ్ళూ ఈ మునెమ్మ కూడా నేనే పోసినాననే అనుకుంటా ఉండాది అమ్మా. నోరు తెరిచి అనలేదు గానీ నాకి తెలుసు. ఇప్పుడు చెప్పిందంతా దీనికి ఇంకోసారి చెప్పు."

మునెమ్మ అతని ముఖంలోకి, నా ముఖంలోకి చూసింది. ఆమె నవ్వు పోయింది. నేను ఊపిరి పీల్చుకుని మొదటి నుంచి మళ్ళీ చెప్పాను. ఈసారి ఎక్కడా ఆగలేదు.